నేవరీ అంటే

“మోసం అని వట్టినే రాస్తే ఎస్సై సూడ్డు మేస్టారూ. ఇంగ్లీషులో పాత ముక్క ఏదైనా బరువుగా ఎయ్యండి,” అన్నాడు గిరిబాబు.

చీపురుపల్లిలో రిటైరైన ఇంగ్లీషు మాస్టారు జానకిరామయ్య ఫిర్యాదులో ‘నేవరీ’ అని రాశారు. గిరిబాబు పొలంలో నీళ్ల మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. పదిహేనేళ్లుగా అక్కడే పనిచేస్తున్న జగన్నాధం తల వంచుకుని మాస్టారి గుమ్మం బయట నిలబడ్డాడు. ఆ వంచిన తల చూస్తే మాస్టారికీ అనుమానంగానే ఉంది.

“నా మీద ఏటి రాసినారు బాబూ?” అని అడిగాడు జగన్నాధం.

“నేవరీ. అంటే దగాకోరుతనం. నేవ్ అనే మాటకి మొదట్లో కుర్రాడని అర్థం. తర్వాత పనివాడు. పోనుపోను దగాకోరు అయింది,” పాఠం చెప్పినట్టే చెప్పారు మాస్టారు.

“అంత పేరు పడ్డానికి ఆ పనోడేటి సేసినాడు బాబూ?”

ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లాడూ ఆ ప్రశ్న అడగలేదు.  

మాస్టారు గిరిబాబు వైపు తిరిగారు. “మోటారు ఇతను తీయడం ఎవరు చూశారు?”

“సూసేదేటి మేస్టారూ! పనోడు కాకపోతే ఇంకెవులు తీస్తారు?”

మాస్టారు రాసిన కాగితం చించేశారు. కొత్త కాగితం తీసుకుని, ఎదురుగా ఉన్న కుర్చీ జగన్నాధానికి చూపించారు.

“వచ్చి కూర్చో. ముందు నువ్వు చెప్పు, రాస్తాను.”

జగన్నాధం ఒకసారి గిరిబాబు వంక చూశాడు. తర్వాత చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.