లైఫ్ టైమ్ ఆయిల్

"గేర్ ఆయిల్ మార్చడమేమిటి తమ్ముడూ! ఆటోమేటిక్ గేర్ల కారుకి పోసేది లైఫ్ టైమ్ ఆయిల్. ఆ వర్క్ షాపు వాడికి ఫోన్ చేసి, రేపు రావడం లేదని చెప్పేసెయ్," అన్నాడు బావ, అక్కతో కలిసి గేటు దాటి ఇంకా చెప్పులైనా విడవకుండా.

చెల్లెలికి ఒళ్ళు మండింది. ఆ అపాయింట్‌మెంటు కోసం ఆవిడ మొగుణ్ణి వారం రోజులు సాధించింది. తోడల్లుడి నోట మాట రాగానే ఆ మొగుడు అప్పుడే జేబులో ఫోను వెతుక్కుంటున్నాడు.

"లైఫ్ అంటే ఎవరి లైఫ్ బావగారూ? కారుదా, నాదా?" అంది.

"అదిగో, మొదలెట్టింది మరదలు!"

"మొదలెట్టక? నిన్న కొండ ఎక్కుతుంటే మలుపులో గేరు పట్టు వదిలేసింది. తొక్కిన కొద్దీ ఇంజను అరుస్తుందే తప్ప బండి ముందుకు కదలదు. వెనక్కి దొర్లింది. వెనకాల లారీ, వెనక సీట్లో పాప. రోజూ అదే దారిలో దాన్ని బడికి తీసుకెళ్ళాలి నేను."

"ఆడవాళ్ళు తొక్కే పద్ధతిలో ఉంటుందిలే," అని బావ తన మాటకి తనే నవ్వుకున్నాడు. మొగుడు కూడా నవ్వాడు.

చెల్లెలు ఇక మాటలు దండగనుకుని కారు దగ్గరికి నడిచింది. వర్క్ షాపులో చెప్పినట్టే కారు సమంగా ఉన్న చోట పెట్టి, ఇంజను వేడెక్కే దాకా నడవనిచ్చి, బానెట్ ఎత్తి, గేర్ ఆయిల్ కొలత చూసే పొడవాటి పుల్లను బయటికి లాగి తెల్ల కాగితం మీద తుడిచింది. నల్లటి మరక పడింది. అడుగంటి మాడిన గిన్నెలో నీళ్ళు పోసి మూడు రోజులు మరిచిపోతే ఎలా ఉంటుందో అలాంటి కంపు.

"కొత్తదైతే దానిమ్మ రసంలా ఎర్రగా ఉండాలట. ఇదీ మన లైఫ్ టైమ్! ఎనభై వేల కిలోమీటర్లు తిరిగాం, ఒక్కసారీ మార్చలేదు. అడుగున ట్రే విప్పి, పాతదంతా వంపేసి, ఫిల్టరు మార్చి, అయస్కాంతానికి పట్టిన ఇనుప రజను తుడిచేసి, ఈ కారుకి చెప్పిన రకమే పోసి, వేడెక్కాక మళ్ళీ కొలత చూస్తారట. ఒక్క పూట పని."

బావ ఆ మరకలో రెండు వేళ్ళు అద్ది, రుద్ది, వాసన చూసి, అక్కడితో ఆగక ఆవిడ ముక్కు కిందికి తెచ్చాడు. "ఏముంది? ఆయిల్ అన్నాక ఆయిల్ వాసనే వస్తుంది. అగరొత్తుల వాసన వస్తుందా?"

ఛీ అనబోయి, అక్క మొగుడు కదా అని మింగేసింది. ఆయన ఆ వేళ్ళు గేటు స్తంభానికి రాసి, తన కారు వైపు నడిచాడు.

"ఇదిగో, నాది మీ దానికన్నా నాలుగేళ్ళు పెద్దది. కొన్నప్పటి నుంచి చుక్క మార్చలేదు. చూస్కోండి!"

ఇంజను స్టార్టు చేసి, కాసేపయ్యాక పుల్ల లాగి కాగితానికి తుడిచాడు.

ఎరుపు. నిగనిగలాడే దానిమ్మ ఎరుపు.

మొగుడు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. "చూశావా? అన్నయ్య అబద్ధం చెప్తాడా?"

"కారుని నమ్మాలి తమ్ముడూ. ఊరికే విప్పి కెలక్కూడదు."

చెల్లెలు ఆశగా అక్క వైపు తిరిగింది. అక్క ట్రేలో టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"బావ చెప్తే వినవే," అంది అక్క చల్లగా. "మా కారు వెన్నలా పోతుంది. ఆయన కారుని చూసుకునే తీరు అలాంటిది మరి."

బావ మీసం దువ్వుకున్నాడు. ఆ మీసానికి కాస్త నలుపు అంటుకుంది. ఎవరూ చెప్పలేదు.

మొగుడు ఫోన్ చేశాడు. "హలో, రేపు మా బండి రావడం లేదండి. అవసరం లేదట." అటువైపు వాడు ఏదో నచ్చజెప్పబోతే, "మాకు తెలిసినవాళ్ళున్నారు లెండి," అని పెట్టేశాడు.

లోపలికొచ్చి కూర్చున్నాక బావ అవే వేళ్ళతో బిస్కెట్ల పళ్ళెం కెలికి, ఒకటి ఎంచి, టీలో ముంచి, అది విరిగి పడిపోతే వేలు పెట్టి తోడుకుని చప్పరించాడు. "ఇంకొకటి తీసుకో అన్నయ్యా," అన్నాడు మొగుడు భక్తిగా.

చెల్లెలు పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, బిస్కెట్లన్నీ చెత్తబుట్టలో గుమ్మరించింది. వెనకాలే అక్క వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"వెళ్ళక్కా, వెళ్ళి మీ ఆయన మీసం తుడువు," అంది చెల్లెలు మొహం తిప్పుకుని. "నాకు వాళ్ళ మీద కాదు, నీ మీద అసహ్యం వేస్తోంది. లారీ కింద పడేది నేనూ నా పిల్లా. నీకేం, నీ కారు వెన్న!"

అక్క మేకుకున్న చెల్లెలి కారు తాళాలు తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఎక్కడికి? మళ్ళీ కొండెక్కమంటావా?"

"పక్క వీధిలో నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, సాయంత్రానికల్లా మార్చి ఇచ్చేస్తాడు. వాళ్ళడిగితే టైలర్ దగ్గరికని చెప్పు," అంది అక్క, కొంగు దోపుకుంటూ. "మా కారు ఆయిల్ మార్పించినప్పుడల్లా నేను అదే చెప్తాను."