రొట్టె వెనక అచ్చు

ఇప్పుడు రొట్టె ప్యాకెట్లే మాట్లాడుతున్నాయి కనుక వెనక అచ్చు ఎవరూ చదవడం లేదు. చేతిలోకి తీసుకుంటే చాలు, "గోధుమ రొట్టె, షుగరున్నవాళ్లకు మంచిది" అని తియ్యగా చెబుతాయి. ఆ మాట నమ్మి సన్యాసమ్మ ఆరేళ్లు పెనిమిటికి రెండు పూటలా ఆ రొట్టే పెట్టింది. ముందు అతని కాలు తీసేశారు. తర్వాత మనిషే పోయాడు.

అరవై దాటాక ఆమె అక్షరాలు దిద్దుకుంది. మొట్టమొదట చదివింది ఆ ప్యాకెట్టు వెనక అచ్చే.

ఈమధ్య ఆ రొట్టెల కంపెనీకి పల్లెటూరి అవ్వ గొంతు కావాల్సివచ్చి ఆమెనే ఎంచుకుంది. అక్కడి రికార్డింగు గదిలో పలికిన మాట ఊళ్లోని ప్రతి ప్యాకెట్టులోనూ అదే క్షణాన వినిపిస్తుంది.

"మామ్మగారూ, చదువు రాదుగా? నేను చెప్పింది చెప్పండి చాలు," అన్నాడు మేనేజరు శ్రీవత్స.

"నాకేటొస్తాది బాబూ! ఆ పేకట్టు సేతికియ్యి, మాట బాగొస్తాది."

అతను గాజు గోడ అవతలికి వెళ్లగానే ఆమె లోపలినుంచి గడియ వేసింది. మాట బయటికి వెళ్తోందని ఎర్ర దీపం వెలిగింది. ప్యాకెట్టు తిరగేసి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

"మైదా, నూటికి డెబ్బై. పంచదార, పద్దెనిమిది. రంగుకి మాడ్చిన చక్కెర. గోధుమపిండి, రెండు. ఇది తినబట్టే మా ఆయన సచ్చిపోనాడు."

గాజు అవతల శ్రీవత్స టిఫిను పక్కనున్న రొట్టె ప్యాకెట్టు కూడా అదే గొంతుతో అదే మాట అంది. అతను తలుపు బద్దలుకొట్టుకుని వచ్చాడు.

"చదువు రాదన్నావు కదే ముసలీ! ఎవరు నేర్పారు?"

"మీ రొట్టే నేర్పింది బాబూ," అంది సన్యాసమ్మ, మళ్లీ మొదటినుంచి చదవడానికి వేలు మైదా మీద పెడుతూ.