తలకొక రాయి

పొద్దు గుట్టల మీదికి రాకముందే లేవి బుట్ట పట్టుకుని ఇంటింటికీ బయలుదేరాడు.

ఆ ఏడు కూడా వానలు ఎగ్గొట్టాయి. అతని పెరట్లో తవ్వుతున్న బావి నాలుగు నిలువుల లోతుకు దిగి ఆగిపోయింది. అడుగున నల్లరాయి. మూడు గడ్డపారలు వంగాయి కానీ పెచ్చు లేవలేదు. ఇక మందు పెట్టి పేల్చడమొక్కటే దారి. తాసిల్దారు దగ్గర మందుకు చీటీ తెచ్చుకుని, ఓర్వకల్లు నుంచి రాళ్లు పేల్చే మారెన్నను పిలిపించాడు. రెండు రోజులుగా మారెన్న రాతికి గుంతలు తొలుస్తున్నాడు. ఆ దెబ్బలకు వాడలో కుక్కలు సంగటి కూడా ముట్టడం లేదు.

లేవికి ఈ బావి కావాలి. తాగే నీళ్లు మైలు దూరంలోని వంక చెలమ నుంచి తేవాలి. అతని భార్య ప్రేమమ్మ రెండుసార్లు నిండు కడుపుతో బిందెలు మోసింది. రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. చర్చి వెనక రెండు చిన్న సమాధులున్నాయి. ఈమె ఇక బిందె ఎత్తకూడదని మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. చెలమ నీళ్లు వాటంతట అవే నడిచి రావు.

మొదటి ఇల్లు గోడ పంచుకునే మద్దిలేటిది.

"మద్దిలేటప్పా, పొద్దు నడినెత్తికొచ్చేసరికి పేలుస్తాం. మారెన్న డబ్బా కొడతాడు. అందరూ చర్చి దిన్నె మీదికి రావాల. గొడ్లను గూడా తోలుకోండి."

"మొన్ననే మిద్దెకు మన్నెత్తించినా. నా గోడ చీలితే?"

"నేనే మెత్తిస్తా."

"మీ చర్చిలో సామికి గూడా చెప్పినావా? ఆయన గుడిగోడ నాదాని కంటే పాతది."

లేవి నవ్వలేదు. బుట్ట ముందుకు చాపాడు. "ఇంట్లో తలకొక రాయి వెయ్యప్పా."

అది మారెన్న పెట్టిన కట్టు. పొద్దున ప్రతి ఇంటివాళ్లూ ఎంతమంది ఉంటే అన్ని గులకరాళ్లు బుట్టలో వేయాలి. దిన్నె మీదికి చేరాక తలకొకటి తిరిగి తీసుకోవాలి. చంటిబిడ్డకు తల్లి తీసుకోవాలి. బుట్ట ఖాళీ అయితే దాన్ని బోర్లించి పైకెత్తి చూపాలి. అప్పుడే మారెన్న వత్తి అంటిస్తాడు. అంటుకున్న వత్తిని ఆపడం ఎవరి తరమూ కాదు.

"ఒక ఊర్లో బుట్టలో ఒక రాయి మిగిలిపాయ. చూసుకోకుండా అంటించినా," అని ముందురోజు చెప్పాడు మారెన్న.

"ఎవరిదప్పా ఆ రాయి?" అని అడిగింది పక్కింటి రత్నమణి.

"మా తమ్మునిది."

ఆ మాట వాడంతా పాకింది. రాయి చేతికి రాని తల దక్కదని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు.

పదకొండిళ్లు తిరిగి లేవి తన ఇంటికొచ్చాడు. తల్లి రాహేలమ్మ పెరటి వంటపాకలో, గుడ్లు పొదుగుతున్న కోడి పక్కన కూర్చుని ఉంది.

"ఇంటి పక్కనే ఉరుము పెడతాండావు గదరా."

"నీళ్లు కావాలమ్మా. డబ్బా మోగితే లేసి రా."

"ఇప్పుడు కోడిని లేపితే పదకొండు గుడ్లూ మురిగిపోతాయి."

"పోతే పోనీ. నువ్వు రా."

"వస్తాలే." ముసలామె ఒక రాయి బుట్టలోకి విసిరింది.

లేవి ఒకటి వేశాడు. ప్రేమమ్మ ఒకటి వేసింది. ఆమె చెయ్యి బుట్ట మీద కాసేపు ఆగింది.

"ఏమి?"

"ఏమీ లే. పని కానీ. చెప్తా."

మధ్యాహ్నం డబ్బా మోగింది. వాడంతా దిన్నె ఎక్కింది. మద్దిలేటి ఉట్టి మీది పెరుగుకుండను కూడా చంకనెత్తుకొచ్చాడు. లేవి తన రాయి తాను తీసుకుని బుట్టను జనంలోకి పంపాడు. ఎండకు ఆడవాళ్లందరూ కొంగులు ముఖాల మీదికి లాక్కుని కూర్చున్నారు. బుట్ట వాళ్ల మధ్య చేయి మారుతూ పోయింది.

"రత్నమణక్కా, మా యమ్మ యాడ?"

"నా యెనకాలే వస్తాండె."

లేవి చూశాడు. అన్నీ కప్పుకున్న తలలే. "అమ్మా," అని పిలిచాడు. వేడిగాలి మాటను ఎత్తుకుపోయింది.

అప్పటికి బుట్ట తిరిగి వచ్చింది. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు.

"రాయి మిగిలితే గదప్పా భయం," అన్నాడు మద్దిలేటి.

లేవి ఊపిరి వదిలాడు. బుట్ట బోర్లించి పైకెత్తాడు.

కాసేపటికి మారెన్న వత్తి అంటించి, గోడ దూకి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముందు నేల కదిలింది. తర్వాత చప్పుడు. రాళ్లు తాటిచెట్టంత ఎత్తుకు లేచాయి. వాటిలో ఒక బండ మెల్లగా తిరుగుతూ వచ్చి లేవి వంటపాక మీద పడింది. పాక నేలమట్టమైంది.

"పోనీలేప్పా. మనుషులుండారు, అదే శానా," అన్నాడు మద్దిలేటి.

"కోడి పాయ. ఈపొద్దు మా యమ్మ నన్ను బతకనీదు," అని లేవి ఆ రోజులో మొదటిసారి నవ్వాడు.

దుమ్ము అణగకముందే మారెన్న వెళ్లి బావిలోకి వంగి చూశాడు. "నీళ్లప్పా, నీళ్లు," అని కేకేశాడు. జనం దిన్నె దిగి అటు పరుగెత్తారు.

లేవి అక్కడే నిలబడిపోయాడు. ప్రేమమ్మ పక్కకొచ్చింది.

"ఇంక నువ్వు బిందె మోసే పని లేదు," అన్నాడు. "పొద్దున ఏందో చెప్తానంటివి."

ప్రేమమ్మ సిగ్గుతో తల వంచుకుని అతని ముందు పిడికిలి విప్పింది: అందులో బుట్టలోంచి తీసుకున్న రెండు రాళ్లున్నాయి, ఒకటి తనది, ఒకటి మూడు నెలలుగా కడుపులో ఉన్నదానిది.