దొంగను పడితే ఆదివారం సెలవు

“దొంగ బిడ్డను ఎత్తుకొని మీ ముందు నుంచే పోయింది. ఒక్కరన్నా కుర్చీలోంచి లేచిన్రా?” నర్సింగ్ సూపరింటెండెంట్ జ్ఞానమణి కేకలేసింది.

“బిడ్డెక్కడిది మేడమ్, అది బొమ్మ కదా,” అంది నర్సు హదస్సా ఆవులిస్తూ. “దొంగేమో మన ఆయమ్మ. ఆమెను పట్టిస్తే మాకు చాయ్ ఎవరు తెస్తరు?”

నర్సులంతా నవ్వారు. జ్ఞానమణికి మాత్రం నవ్వు రాలేదు. ఆసుపత్రికి నాణ్యత గుర్తింపు ఇచ్చేవాళ్లు సోమవారం తనిఖీకి వస్తున్నారు. ప్రసూతి వార్డులో బిడ్డను ఎత్తుకుపోతుంటే ఎలా ఆపుతారో వాళ్లకు చేసి చూపించాలి. వీళ్లేమో డ్రిల్ అంటేనే మొహం తిప్పుకుంటున్నారు.

“సర్టిఫికెట్ గోడకు, తిప్పలు మాకు,” వెనక నుంచి ఎవరో గొణిగారు.

“సరే. ఈసారి మీరెవరూ చూడని మనిషిని పంపిస్త. ఇయ్యాల ఎప్పుడొస్తదో చెప్ప. పట్టినవాళ్లకు ఈ ఆదివారం సెలవు!”

షెకీనా గబుక్కున తలెత్తింది. ఆదివారం మౌలాలి చర్చిలో ఆమె ప్రధానం, అంటే పెళ్లి నిశ్చితార్థం. తనిఖీ ఉందని లీవు ఇవ్వలేదు. పెళ్లిపిల్ల లేకుండా ప్రధానం ఎట్లా చేయాలని కాబోయే అత్తగారు ఫోన్ మీద ఫోన్.

మధ్యాహ్నం షెకీనా అన్నం డబ్బా తెచ్చుకొని వార్డు మెట్ల దగ్గరే కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నదో లేదో, ఎర్రంచు చీర కట్టుకున్న ఒకామె టవల్ మూటను గుండెకు హత్తుకొని దిగుతోంది. వెంట ఎవరూ లేరు.

“ఆగక్కా! తల్లి ఏది? డిశ్చార్జి చీటీ ఏది?”

“తల్లి వెనక వస్తున్నది. జెర జరుగు సిస్టర్, ఆటో ఆగింది.”

“ఆటో సుత పెట్టిన్రా? మా మేడమ్ బాగనే ఖర్చు పెట్టింది!” షెకీనా ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టుకుంది. “ఎంగిలి చెయ్యి అక్కా, లేకుంటే షేక్‌హ్యాండ్ ఇస్తుంటి. ఏం చేస్తున్నవ్ యాక్టింగ్!”

ఆమె బిత్తరపోయి చూసింది. “పట్టుకున్నవ్ కదా. ఇగో, తీస్కో. నన్ను పోనీ.”

“అట్లెట్ల? నువ్వు లేకుంటే నేనే పట్టిన్నని ఎవరు నమ్ముతరు? మేడమ్ దగ్గర చాయ్ తాగి పో. తిరుమలన్నా, జెర ఇటు రా!”

వాచ్‌మన్ తిరుమల్ ఒకపక్క, షెకీనా ఒకపక్క పట్టుకొని, మూటతో సహా ఆమెను జ్ఞానమణి గదిలోకి నడిపించారు.

“పట్టిన మేడమ్! ఆదివారం నాది!”

మూటలోంచి కేర్‌మని ఏడుపు వినిపించింది.

“అబ్బో! ఈసారి ఏడ్చే బొమ్మను తెప్పించిన్రా?”

జ్ఞానమణి కుర్చీలోంచి ఒక్కసారిగా లేచింది. గబగబా మూట విప్పి చూసింది.

“బొమ్మ ఎక్కడిదే షెకీనా? తన బొమ్మ కావాలని మా మనవరాలు ఇంట్ల ఒకటే ఏడుపంటే, దాన్ని ఇంటికి పంపి డ్రిల్ రేపటికి జరిపిన!”