పక్క పలక

“ఈ పొద్దు ఏం నేర్చుకున్నారు? పక్క పలకలో ఏం చూసినారు? చెప్పండమ్మా,” అంది పంతులమ్మ సరస్వతమ్మ.

గుడియాత్తం బజారులో ఒక జవుళి అంగడి మేడమీద, మధ్యాహ్నం వంటపనులు తీరాక జరిగే ఆడవాళ్ల తెలుగు బడి అది. చిత్తూరు ఆంధ్రరాష్ట్రంలో కలిసి, గుడియాత్తం మద్రాసులోనే ఉండిపోయిన మరుసటి ఏడు. అక్కడికొచ్చే వాళ్లందరికీ ఇంట్లో మాట తెలుగే, అక్షరమే తెలియదు. పాఠం ముగిశాక తాము నేర్చుకున్నదీ, పక్కవాళ్ల రాతలోని మంచీ చెడూ చెప్పాలని పంతులమ్మ నియమం. వాళ్లు చెప్పేదాకా తాను నోరు విప్పేది కాదు. ఇంకో నియమం కూడా ఉంది. బడిలో వరసలు లేవు, పేర్లతోనే పిలుచుకోవాలి.

గోవిందమ్మకు మొహమాటం లేదు. “ఈ పుష్పవల్లి రాత ముత్యాలే. చదివితే యాడ వినపడతాది? నోట్లోనే గొణుక్కుంటాది,” అనేది.

పుష్పవల్లి తల వంచుకునేది. తన వంతు వస్తే, “ఈమె బాగా రాసినారు,” అనేసి ఊరుకునేది. పొన్నై నుంచి ఈ ఊరికి వచ్చి ఏడాదైనా నిండలేదు. తల నెరిసిన మనిషికి తనలాంటి పిల్ల తప్పు చెప్పడమా?

తప్పయితే ఉంది. గోవిందమ్మ ‘ప’ రాసేటప్పుడు తలకట్టును కింది గీతకు అంటించేస్తుంది. అది కాస్తా ‘వ’ అయిపోతుంది.

శుక్రవారం ఊరి పెద్దమనుషులు బడి చూడటానికి వస్తున్నారని ఆ రోజే కబురొచ్చింది.

“గోవిందమ్మా, అందరికన్నా మీరే పెద్ద. వాళ్ల ముందు నల్లబల్ల మీద మీరే రాయాల,” అంది సరస్వతమ్మ.

గోవిందమ్మ ముఖం వెలిగిపోయింది. ‘పాప పాలు తాగింది’ అనుకుంటూ చిన్నపిల్లలా నాలుక కొస బయటపెట్టి రాసి, పలకను పుష్పవల్లి వైపు తిప్పింది.

“ఎట్లుండాది?”

పలక మీద ‘వావ వాలు తాగింది’ అని ఉంది.

పుష్పవల్లి ఆ రాత చదువుకుంది. చెప్తే ఈమె ఏమంటుందో. చెప్పకపోతే శుక్రవారం అంతమంది మగవాళ్ల ముందు నవ్వులపాలవుతుంది. అప్పుడు ఆ వెలిగే ముఖం వాడిపోతుంది.

“గోవిందమ్మగారూ,” అంది.

ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. గదిలో బలపాల చప్పుడు ఆగిపోయింది.

“మీరు రాసింది పాలు కాదు... వాలు. తలకట్టు గీతకు తగలకూడదు. ఎడంగా ఉంటేనే ‘ప’.”

గోవిందమ్మ పలకను తన వైపు తిప్పుకుంది.

“ఎన్నాళ్ల నుంచి ఇట్లా రాస్తా ఉండాను?”

“మొదటి నుంచీ.”

“మరి చెప్పలేదేం?”

“భయమేసింది.”

గోవిందమ్మ అరచేత్తో పలక తుడిచేసింది. బలపం చేతిలోకి తీసుకుంది.

“నా చెయ్యి పట్టుకుని దిద్దించు.”

ముడతలు పడిన ఆ చేతిని పుష్పవల్లి మునివేళ్లతో పట్టుకుంది. రెండోసారి గట్టిగా పట్టుకుని దిద్దించింది. మూడోసారికి గోవిందమ్మ తానే రాసింది. తలకట్టు తేటగా, ఎడంగా నిలబడింది.

“ఇప్పుడు చెప్పండి గోవిందమ్మా, ఈ పొద్దు ఏం నేర్చుకున్నారు?” అంది సరస్వతమ్మ నవ్వుతూ.

గోవిందమ్మ పలకను ఒళ్లో పెట్టుకుంది.

“ఈ పిల్లకు మంచి గొంతు ఉండాదని తెలుసుకుంటి. గొణిగేది దాని తప్పు కాదమ్మా. నేను నోరు తెరవనిస్తే గదా.”

పుష్పవల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరికీ కనపడకుండా కొంగుతో ఒత్తుకుంది.

బడి విడిచారు. మెట్ల దగ్గర గోవిందమ్మ ఆగి, వెనక్కి తిరిగి చెయ్యి చాచింది.

“దా కోడలా, ఇంటికి పోదాం.”