ఏ వంతెన?

"నరేందర్ సార్, ఈ ఒక్క పేపర్ ఇంకెవరితోనన్న దిద్దిపియ్యండి." జవాబు పత్రాన్ని ఛాతీకి అదిమిపెట్టుకుని అడిగారు కురుమూర్తి సార్.

"ఎందుకు?"

"నాతోని కాదు."

వనపర్తి కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దించే పని నరేందర్‌ది. పకపకా నవ్వాడు.

"ఇరవై తొమ్మిది దిద్దినంక గీ ఒక్కటి కాదా? పేరు లేదు, ఊరు లేదు, ఉత్త నంబరే. ఎవరిదైతే ఏంది సార్? ఎవరి కట్ట వాళ్ళే దిద్దాలె. రూలు!"

రూలు అన్నాక సార్ ఇక మాట్లాడరు. వచ్చి కౌసర్ పక్కన కూర్చున్నారు.

కౌసర్ ఆయన దగ్గరే జర్నలిజం చదివింది. ఇటిక్యాలలో వాళ్ళ ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఇప్పుడు అదే కాలేజీలో ఆయనతో పాటు పాఠాలు చెబుతోంది.

సార్ గద్వాలలో, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ ప్రాంతం కోసం, ఇరవై ఆరేళ్ళుగా 'నడిగడ్డ కబురు' అనే వారపత్రిక నడుపుతున్నారు. అది పత్రికలా ఉండదు, సొంతవాళ్ళు రాసిన ఉత్తరంలా ఉంటుంది. వారానికి మూడు రోజులు బస్సెక్కి వనపర్తి వచ్చి పాఠం చెబుతారు. ఆ పత్రిక అనుభవం చూసి పరీక్ష పేపర్లూ ఆయనతో దిద్దిస్తారు. కాగితం మీద గెస్ట్ లెక్చరర్. పిల్లల నోట్లో మాత్రం ప్రొఫెసర్ సాబ్.

ఆ ప్రొఫెసర్‌గిరీ ఇక రెండు నెలలే. పీజీ లేని గెస్ట్ లెక్చరర్లను జూన్ నుంచి తీసుకోవద్దని ఉత్తర్వు వచ్చింది. సార్ చదివింది బీఏ. ఆ వార్తను ఆయన దాచలేదు. తన పత్రికలోనే మొదటి పేజీలో వేశారు. కింద ఇంటికి పోయేవాళ్ళ పేర్లు. అన్నిటికంటే పైన ఆయనదే.

ఆ దిగులుతోనే ఇవాళ ఇలా ఉన్నారని కౌసర్ అనుకుంది. పాపం, ఏడాదిగా బస్సులో కూడా పుస్తకం కింద పెట్టకుండా పాఠాలు తయారు చేసుకున్న మనిషి.

సార్ ఆ పేపర్ చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. మూడోసారి చదువుతుంటే చాయ్ మీద మీగడ కట్టింది. కౌసర్ కొంచెం వంగి చూడబోతే, పరీక్ష హాల్లో పిల్లాడిలా చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

చివరికి ఎర్ర పెన్నుతో ఏదో రాశారు.

"ఎన్ని సార్?"

"ముప్పై తొమ్మిది."

"యా అల్లా! నలభై వస్తే పాస్ గద! ఒక్క మార్కు ఏడ దొరకలేదా?"

"ఎతికిన బిడ్డా. మూడుసార్లు ఎతికిన."

"గంత తప్పు ఏం రాసిండు?"

"బస్సు చెడిపోయి మూడు గంటలు ట్రాఫిక్ ఆగిందని వార్త రాయమన్నరు. 'మన వంతెన మీద బస్సు ఆగిపోయింది' అని మొదలువెట్టిండు. మన వంతెన అంట! ఏ వంతెన?"

కౌసర్‌కు నవ్వాగలేదు. "బీచుపల్లి వంతెనే సార్! నడిగడ్డల గొర్లు కాసేటోన్ని అడిగినా చెప్తడు."

"చదివేటోల్లంత నడిగడ్డోల్లే ఉంటరా? ఎవరు, ఏంది, ఎప్పుడు... అన్నీ రాసిండు. ఎక్కడ అన్నదే లేదు. అది లేకుంటే మార్కు కొయ్యమని నీకు చెప్పిందెవరు?"

"మీరే." మొదటి ఏడాది తన పేపర్‌లో ఆయన కోసిన మార్కు ఆమెకు ఇప్పటికీ మంటే.

అయినా ఊరుకోలేకపోయింది. "ఇవి దూరవిద్య పేపర్లు సార్. పని చేసుకుంట చదివేటోల్లు. పెండ్లాం పిల్లలు ఉన్నోడేమో. దీని మీద ఆయన నౌకరి ఉన్నదేమో. జర రహం చెయ్యిండ్రి."

"నౌకరి ఉండొచ్చు." సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గట్లని మార్కేస్తే, రేపు పిల్లలకు ఏ మొఖం వెట్టుకోని చెప్తడు?"

"మీకు గుండె లేదు సార్."

"లేకేంది! గందుకే తొమ్మిది గిట్ల వంకర వచ్చింది."

వంకర తొమ్మిది కింద సంతకం పెట్టి, కట్ట తీసుకెళ్ళి నరేందర్ బల్ల మీద పెట్టేశారు. ఆ రోజంతా కౌసర్ ఆయనతో మాట్లాడలేదు.

జూన్ వచ్చింది. సార్ వెళ్ళిపోయారు. పిల్లలు వేసిన బంతిపూల దండను చంకసంచిలో పెట్టుకుని, ఎప్పటి బస్సే ఎక్కారు. ఆ ముప్పై తొమ్మిది మార్కుల మనిషి ఎవరో, ఏమయ్యాడో అని కౌసర్‌కు అప్పుడప్పుడూ మనసు పీకేది.

గురువారం గురువారం గద్వాల వెళ్ళి 'కబురు' ప్రూఫులు చూడటం ఆమెకు చదువుకునే రోజుల నుంచీ అలవాటు. ఆ వారమూ వెళ్ళింది. సార్ మొదటి పేజీ ఆమె చేతిలో పెట్టారు.

"సూడు బిడ్డా. ఈసారి 'ఎక్కడ' తప్పిపోలేదు గద?"

చాయ్ తాగొస్తానని చెప్పులేసుకుని బయటికి నడిచారు.

కౌసర్ పెన్సిల్ పట్టుకుని పైనున్న వార్త చదివింది:

"గద్వాల, జూన్ 11: స్థానిక 'నడిగడ్డ కబురు' సంపాదకుడు కురుమూర్తి, వార్తలో బీచుపల్లి వంతెన పేరు రాయడం మరచిపోయినందున, దూరవిద్య ఎంఏ జర్నలిజం పరీక్షలో ఒక్క మార్కు తేడాతో ఫెయిలయ్యాడు."