బీరువాలో ఒరిజినల్స్

“సారు తొమ్మిదో తరగతిలో ఉన్నారు. కూర్చోండి టీచర్,” అంది ఆయా హన్నమ్మ, ఆఫీసు గది ఊడుస్తూ.

సబీహా కూర్చోలేదు. కరస్పాండెంట్ వెంకటకృష్ణారావు గదిలో టీచర్లు కూర్చునే అలవాటు ఎప్పుడూ లేదు. వారం నుంచి ఆమె రోజూ వచ్చి నిలబడుతోంది. ఆయన రోజూ “రేపు చూద్దాంలేమ్మా” అంటున్నాడు. పదో తరగతి నుంచి బీఈడీ దాకా ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆయన కుర్చీ వెనకున్న ఇనుప బీరువాలో ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన రోజే తీసుకుని లోపల పెట్టేశాడు. టీచర్లు మధ్యలో మానేసి పోకుండా ప్రైవేటు స్కూళ్లు వేసే ముకుతాడు అది.

టాంజానియాలో ఒక ఇంటర్నేషనల్ స్కూలు ఆమెకు సైన్సు టీచరు ఉద్యోగం ఇచ్చింది. జనవరిలో చేరాలి. రేపు పొద్దున హైదరాబాదులో ఒరిజినల్స్ చూపిస్తేనే వీసా పని మొదలవుతుంది. లేకపోతే ఆ ఉద్యోగం వేరేవాళ్లకి పోతుంది. తిరువూరు బస్టాండులో భర్త ఆజం బ్యాగు పట్టుకుని కూర్చున్నాడు. నెల ముందే నోటీసిచ్చినా ఈ బతిమాలుడు తప్పలేదు. ఇవాళ కూడా రేపంటే ఏడవడానికైనా ఆమెకు ఓపిక లేదు.

వెంకటకృష్ణారావు వచ్చాడు. చొక్కా చేతుల నిండా సుద్దపొడి. జీతం మిగుల్చుకోవడానికే లెక్కల సారుని పెట్టకుండా ఆ క్లాసులు తనే చెబుతున్నాడని స్టాఫ్‌రూములో గుసగుసలు. ఆయన సొరుగులోంచి మాత్ర తీసి వేసుకుని, నీళ్లు తాగి, “కూర్చోమ్మా,” అన్నాడు.

సబీహాకు భయం పట్టుకుంది. ఈయన కూర్చోమన్నాడంటే ఏదో ఉంది.

“ఇంటర్వ్యూలో ఏమడిగారు?”

“డెమో క్లాసు చెప్పమన్నారండి. ఫోన్లోనే, వీడియోలో.”

“ఏ పాఠం?”

“ఫొటోసింథసిస్.”

“మొత్తం ఇంగ్లీషులోనేనా? మధ్యలో ఓ తెలుగు ముక్క దొర్లితే?”

“దొర్లిందండి. నవ్వి ఊరుకున్నారు.”

ఎగతాళి చేస్తున్నాడనుకుంది. కానీ ఆయన ముఖంలో నవ్వు లేదు. పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు.

“వయసు అడ్డం రాలేదా?”

నలభై దాటిన తనను దెప్పుతున్నాడు. ఒళ్లు మండింది. “లేదండి. అనుభవం ఉన్నవాళ్లే కావాలన్నారు.”

“అక్కడ మనకి అన్నం దొరుకుతుందా?”

“దొరుకుతుందటండి.”

“బీపీ, షుగరు మందులు?”

“నాకవేం లేవండి.”

భయపెట్టి ఆపాలని చూస్తున్నాడని ఆమెకు అర్థమైపోయింది. సోషల్ టీచర్ గీతాంజలిని పోయినేడు ఇలాగే మాటలతో విసిగించి నూజివీడు ఉద్యోగానికి పోకుండా చేశాడు. కిటికీ అవతల స్కూలు బస్సు టైర్లలో గాలి లేకుండా పడి ఉంది, చక్రాల చుట్టూ గడ్డి. మెయిన్ రోడ్డు మీద పెద్ద కార్పొరేట్ స్కూలు వచ్చాక పెనుగొలను, ఎ.కొండూరు పిల్లలంతా అటు మళ్లారు. మేడమీద గదులకు తాళాలు పడ్డాయి. ఇలాంటప్పుడు ఉన్న ఒక్క సైన్సు టీచర్ని ఎవరు వదులుకుంటారు?

“జీతం ఒకటో తారీఖుకే పడుతుందా?”

“పడుతుందన్నారండి.”

“ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగాలా?”

“అక్కర్లేదండి. పాఠం చెబితే చాలట.”

“పాఠం చెబితే చాలా?” ఆయన మళ్లీ అడిగాడు, సరిగా వినపడనట్టు.

“అవునండి.”

సబీహా ఫోను మోగింది. ఆజం. కట్ చేసింది.

“సార్, బస్సు టైమైపోతోంది. మీకు దణ్ణం పెడతాను...”

“అక్కడి ప్రిన్సిపాల్ నంబరు చెప్పు.”

“ఎందుకండి?”

“చెప్పమ్మా.”

చెబితే ఫోన్ చేసి తన మీద ఏం ఎక్కిస్తాడో! పిల్లల్ని నడిమధ్యలో వదిలేసి వస్తోందంటాడో, పని రాదంటాడో. చెప్పకపోతే బీరువా తెరుచుకోదు. ఇన్నేళ్లు ఈ స్కూలుకి చేసిన చాకిరీ అంతా ఆమె కళ్లముందు తిరిగింది. ఇక కానీ, అనుకుని నంబరు చెప్పేసింది. ఆయన ఒక్కో అంకె పైకి అనుకుంటూ తన ఫోన్లో ఎక్కించుకున్నాడు.

తర్వాత లేచి, మొలతాడుకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. గోధుమరంగు కవరు బల్ల మీద పెట్టాడు.

“అన్నీ ఉన్నాయో లేదో చూసుకో.”

అన్నీ ఉన్నాయి. తన పాత ఫోటో ఉన్న హాల్‌టికెట్టు కూడా ఉంది. సబీహాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. థ్యాంక్స్ చెప్పాలో, తిట్టుకోవాలో తెలియలేదు.

“వస్తానండి.”

ఆయన తలెత్తలేదు.

ఆమె దాదాపు పరుగులాంటి నడకతో గేటు దాకా వచ్చింది. ఆటో కోసం చెయ్యెత్తబోతుంటే వెనక నుంచి కేక వినిపించింది.

“ఆగండి!”

వెంకటకృష్ణారావు ఎండలో ఆయాసపడుతూ వస్తున్నాడు. అప్పుడే ఫోన్ చేసేశాడా? సబీహా కవరును గుండెకు అదుముకుంది. ప్రాణం పోయినా దీన్ని మళ్లీ ఇచ్చేది లేదు.

గేటు దగ్గర చెత్త పోస్తున్న హన్నమ్మను ఆయన లోపలికి పొమ్మన్నాడు. ఆమె వెళ్లేదాకా ఆగాడు. చేతుల సుద్దపొడి దులుపుకున్నాడు.

“ఏంటండి?” అంది సబీహా.

“అక్కడ లెక్కల టీచరు పోస్టుంటే నా గురించి కూడా ఒక మాట చెప్పండి, మేడం.”